దెబ్బ తిన్న మెదడునే సాక్ష్యం అడుగుతున్నాం

(ఐస్ హాకీ శిక్షకులు, జట్టు సహాయకులు, తల్లిదండ్రుల కోసం జరిగిన శిక్షణ తరగతిలో ఒక క్రీడా వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? మంచిది. ఎడమ గోడ పక్కన నేల మీద తెల్ల టేపు అంటించాం, సరిగ్గా 3 మీటర్లు. తొక్కినా ఫర్వాలేదు గానీ ఊడనివ్వకండి. చివర్లో దానితో పని ఉంది.

ఈ రోజు మాట్లాడేది కంకషన్ గురించి, అంటే దెబ్బ అదురుకి మెదడు పని కొంతకాలం చెదరడం గురించి. ముందు ఒక మ్యాచ్ గురించి చెప్తాను. 2003 జూన్ 7, ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టాన్లీ కప్ ఫైనల్, ఆరో మ్యాచ్. అనాహైమ్ కెప్టెన్ పాల్ కరియా అప్పుడే ఈ ఆటలో బంతి బదులుండే రబ్బరు బిళ్ళని, అంటే పక్‌ని తోటి ఆటగాడికి వదిలాడు. అదే క్షణంలో న్యూజెర్సీ డిఫెన్స్ ఆటగాడు స్కాట్ స్టీవెన్స్ భుజంతో వచ్చి ఢీకొన్నాడు. కరియా మంచు మీద పడిపోయాడు. కదల్లేదు. కొన్ని క్షణాల తర్వాత అతని హెల్మెట్‌కున్న అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది. మనిషి బతికే ఉన్నాడని చూసేవాళ్ళకి తెలిసింది ఆ ఆవిరి వల్లే. లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికే తిరిగొచ్చాడు, అదే పీరియడ్‌లో గోల్ కొట్టాడు. అనాహైమ్ ఆ మ్యాచ్ 5-2తో గెలిచింది.

ఆ గోల్‌ని ఏళ్ళ తరబడి వీరగాథలా చూపిస్తూ వచ్చారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడు చూస్తే గుండె బరువెక్కుతుంది. కరియా 2011లో ఆట వదిలేశాడు, కంకషన్ల తాలూకు బాధలు వదలకపోవడం వల్ల. 2003లో ఆ రాత్రి అతన్ని లోపల ఎవరు ఏం అడిగారో, అతను ఏం చెప్పాడో దాని జోలికి నేను పోను. కానీ అదే దృశ్యం ఈ రోజు మీ మంచు మైదానం, అంటే రింక్‌లో జరిగితే, ఆటగాడు మంచు మీద కదలకుండా పడి ఉన్న ఆ కొద్ది క్షణాలే చాలు. వేరే ఏ పరీక్షా అక్కర్లేదు. ఆ రోజుకి అతని ఆట అయిపోయింది.

చిక్కంతా పరీక్ష అనే మాటలోనే ఉంది. పరీక్ష అంటే చిన్నప్పటి నుంచీ మనకి పాసు, ఫెయిలు. పదాలు అప్పజెప్పేసి, ఒంటికాలి మీద నిలబడి చూపిస్తే మళ్ళీ ఆడనిస్తారని ఆటగాడు అనుకుంటాడు. శిక్షకుడూ అలాగే అనుకుంటాడు. కొంతమంది తల్లిదండ్రులూ అంతే, నేను తప్పుపట్టడం లేదు. కానీ చేతికి దెబ్బ తగిలితే నొప్పి ఎక్కడుందో, ఎంతుందో చెప్పేది మెదడు. మెదడుకే దెబ్బ తగిలితే ఎవరు చెప్పాలి? "నేను బాగానే ఉన్నాను సార్" అని కుర్రవాడు అన్నప్పుడు, ఆ మాట అన్నది మనం అనుమానిస్తున్న అవయవమే. అబద్ధం చెప్తున్నాడని నేను అనడం లేదు. చాలాసార్లు అతను నిజంగానే అలా నమ్ముతాడు. అందుకే అనుమానం అంటూ వచ్చాక మీ స్థాయి ఆటల్లో ఆ పిల్లాడు ఆ రోజు మళ్ళీ మంచు మీదికి వెళ్ళకూడదు. వృత్తి లీగుల్లో ఆ ఆటగాణ్ణి ఏళ్ళ తరబడి ఎరిగిన డాక్టరు ఉంటాడు, పక్కన వీడియో ఉంటుంది, నిశ్శబ్దమైన గది ఉంటుంది. అక్కడ డాక్టరు అన్నీ చూసి ఇది కంకషన్ కాదని తేల్చే అవకాశం ఉంది. మన దగ్గర అవి లేవు.

లోపల ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను. మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా మెదడు దానితో పాటు అంతే వేగంగా తిరగలేదు, మెలిపడుతుంది. నరాల కణాల్లో లవణాల సమతౌల్యం చెదురుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి కణాలకి ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్తం సరఫరా తగ్గుతుంది. పగుళ్ళు ఉండవు, రక్తం కారదు. కాబట్టి సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ఆ పని బాగా చేస్తుంది. లోపల మెదడు మెలిపడడాన్ని అది ఆపలేదు. దెబ్బ తలకే తగలాలని కూడా లేదు, ఛాతీ మీద బలంగా తగిలినా తల విసురుగా ఊగితే చాలు. ఇంకొకటి, స్పృహ తప్పితేనే కంకషన్ అనే నమ్మకం ఇంకా పోలేదు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్పృహ తప్పరు.

ఇక ఐస్ హాకీకి ప్రత్యేకమైన ఇబ్బందులు చెప్తాను.

ఆటగాళ్ళు ఒక్కో షిఫ్ట్‌లో 45 సెకన్లో, నిమిషమో ఆడి బెంచికి వచ్చేస్తారు. ఆట ఆగదు, నడుస్తూండగానే మారతారు. వేరే ఆటల్లో దెబ్బ తగిలినవాడు మైదానం మధ్యలో మిగిలిపోతాడు, అందరికీ కనిపిస్తాడు. ఇక్కడ దిమ్మ తిరిగినవాడు కూడా అలవాటు మీద జారుకుంటూ వచ్చి, తలుపు తోసుకుని, పదిమంది మధ్య కూర్చుని, తల వంచుకుని నీళ్ళు తాగుతాడు. అందరూ అలాగే ఉంటారు కదా, ఆయాసంతో! రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అతని వంతు వస్తుంది.

రెండో ఇబ్బంది పక్. మన కళ్ళన్నీ దాని వెంటే పరిగెడతాయి. పక్ వదిలేసిన తర్వాతే చాలా దెబ్బలు తగులుతాయి, కరియాకి తగిలినట్టు. అందుకని ప్రతి జట్టూ తన బెంచిలో ఒక పెద్ద మనిషికి ఒకే ఒక్క పని అప్పగించాలని నేను ఎక్కడికి వెళ్ళినా బతిమాలుతాను: పక్‌ని చూడకుండా, పక్ వదిలిన వాడిని చూడడం. ఎన్‌హెచ్‌ఎల్ 2016-17 సీజన్ నుంచి ఇందుకోసమే న్యూయార్క్‌లో కొందరిని కూర్చోబెట్టింది. వాళ్ళు అన్ని మ్యాచ్‌లూ తెరల మీద చూస్తూ, అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి తీసుకెళ్ళమని జట్టుకి కబురు పంపుతారు. మీకు తెరలు అక్కర్లేదు, ఒక మనిషి చాలు.

ఆ మనిషి ఏం చూడాలి? లేవడంలో ఆలస్యం. లేవబోయి మోకాళ్ళు మడతపడడం. రింక్ చుట్టూ ఉండే గోడని, అంటే బోర్డుని పట్టుకుని నిలదొక్కుకోవడం. రెండు చేతులతో తల పట్టుకోవడం. శూన్యంలోకి చూపు. ఎదుటి జట్టు బెంచి వైపు వెళ్ళిపోవడం, ఇది నేను కళ్ళారా చూశాను, చూసినవాళ్ళు నవ్వారు కూడా. మార్పు వేళ ఎవరి స్థానంలో దిగాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోవడం. గోల్‌కీపర్లని మరిచిపోకండి. ముసుగు మీద పక్ తగిలి టంగున మోగితే గ్యాలరీ అంతా చప్పట్లు కొడుతుంది. ఆ పిల్లాడు షిఫ్ట్ మారడు, బెంచికి రాడు, పీరియడ్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడించరు.

ఎవరైనా పడిపోయి లేవకపోతే మొదట మెడ. తోటి ఆటగాళ్ళు ప్రేమ కొద్దీ చంకల కింద చేతులు వేసి లేపేస్తారు. ఆపండి, గట్టిగా అరిచి ఆపండి. మెడ మీద అనుమానం ఉంటే హెల్మెట్ ఒక్కటే లాగేయకండి. వీపు కింద భుజాల ప్యాడ్లు ఎత్తుగా ఉంటాయి, హెల్మెట్ తీయగానే తల వెనక్కి వాలి మెడ వంగిపోతుంది. మెడ నొప్పి, ఫిట్స్, వస్తువులు రెండుగా కనిపించడం, చేతుల్లోనో కాళ్ళలోనో బలహీనత లేదా తిమ్మిరి, వాంతి, క్షణక్షణం పెరిగే తలనొప్పి, మగతలోకి జారిపోవడం, అకారణంగా గొడవకి దిగడం, వీటిలో ఏది కనిపించినా అంబులెన్స్. ఇంకో ప్రశ్న వద్దు.

అవేవీ లేకపోతే, మనిషి తెలివిగా మాట్లాడుతుంటే, ఐదు చిన్న ప్రశ్నలున్నాయి. మ్యాడక్స్ ప్రశ్నలంటారు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద చేసిన పని నుంచి 1990ల్లో వచ్చాయి. మనం ఇప్పుడు ఏ రింక్‌లో ఉన్నాం? ఇది ఎన్నో పీరియడ్? చివరి గోల్ ఎవరు కొట్టారు? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడారు? గెలిచారా? నీ పేరేంటి, పుట్టిన తేదీ ఎప్పుడు అని అడిగితే లాభం లేదు, ఆ జ్ఞాపకాలు బాగా పాతవి, గట్టివి, కంకషన్ వచ్చినవాడూ టకటకా చెప్పేస్తాడు. చెదిరేది తాజా జ్ఞాపకం. ఒక్క జవాబు తప్పినా బయటికి తీసుకురండి. ఐదూ సరిగ్గా చెప్పాడనుకోండి, అప్పుడూ బయటికి తీసుకురండి, ఎందుకంటే మీకు అనుమానం వచ్చింది కాబట్టే అడిగారు.

ఇప్పుడు లోపలి గదికి వెళ్దాం. డాక్టరో, శిక్షణ పొందిన ఫిజియోనో ఇక్కడ వాడేది స్క్యాట్-6 అనే పత్రం. 2001లో వియన్నాలో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య, ఫిఫా, ఒలింపిక్ కమిటీ కలిసి క్రీడల్లో కంకషన్ మీద మొదటి సమావేశం పెట్టాయి. ఆ వరసలో ఆరోది 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది, దాని ఫలితంగా 2023లో ఈ పత్రం వచ్చింది. 13 ఏళ్ళు, ఆపై వాళ్ళకి ఇది. 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి వేరే పత్రం ఉంది. మీలాంటి శిక్షకులకీ తల్లిదండ్రులకీ ఇంకా చిన్న కార్డు ఒకటుంది, గుర్తుపట్టడానికి మాత్రమే. అది జేబులో పెట్టుకోండి, స్క్యాట్ నింపే పని వైద్యం తెలిసినవాళ్ళకి వదిలేయండి.

స్క్యాట్ సరిగ్గా చేయాలంటే తక్కువలో తక్కువ 10, 15 నిమిషాలు పడుతుంది. బెంచి వెనక నిలబడి, హారన్ మోతల మధ్య చేసేది కాదు. ఎన్‌హెచ్‌ఎల్ 2011లో ఆటగాణ్ణి నిశ్శబ్ద గదికి తీసుకెళ్ళి డాక్టరు చూడాలని నిబంధన పెట్టింది. మన రింకుల్లో రిఫరీల గదో, సామాను గదో ఖాళీ చేయించుకుంటే చాలు.

మొదట లక్షణాల పట్టిక. 22 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 6 వరకు అంకె, అన్నీ కలిపితే 132. ఇది తెలుగులో అడిగేటప్పుడు ఒక మెలకువ కావాలి, నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. "తలనొప్పి ఉందా?" అంటే లేదంటాడు. "తల బరువుగా ఉందా?" అంటే, "ఆఁ, బరువుగా ఉంది" అంటాడు. "తల దిమ్ముగా ఉందా?" ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయా?" లేదు, "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అంటాడు. మనవాళ్ళకి ఇవన్నీ వేర్వేరు. పత్రంలో కూడా తలనొప్పి వేరు, తల బిగపట్టినట్టుండడం వేరు. కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టకుండా అన్ని మాటలూ వాడండి. నేను అన్నిటికంటే ఎక్కువ చెవి పెట్టేది ఒక మాటకి: "ఏంటో తేడాగా ఉంది." అది కూడా ఆ 22లో ఒకటి. ఆ ఒక్క మాట అన్నా నాకు చాలు. పిల్లాడి పక్కన శిక్షకుణ్ణీ నాన్ననీ నిలబెట్టి ఈ పట్టిక అడగకండి. వాళ్ళ మొహాలు చూసి అంకెలు తగ్గిస్తాడు.

తర్వాత జ్ఞాపకం. పది పదాలు చెప్తాం, అతను తిరిగి చెప్పాలి, అదే జాబితాతో మూడుసార్లు. ఇదివరకు ఐదు పదాలుండేవి. ఐదైతే దాదాపు అందరికీ పూర్తి మార్కులు వచ్చేసేవి, తేడా తెలిసేది కాదు. జాబితాలు మూడున్నాయి, మార్చి మార్చి వాడండి, ఎందుకంటే పాత జాబితాని కంఠతా పట్టి వచ్చే ఆటగాళ్ళుంటారు. ఆపైన అంకెలు వెనక నుంచి, నెలలు డిసెంబరు నుంచి వెనక్కి. ఐదు నిమిషాలైనా గడిచాక ఆ పది పదాలు మళ్ళీ అడుగుతాం. అక్కడ చాలామంది తడబడతారు.

తర్వాత నిలకడ. ఇక్కడ హాకీవాళ్ళు చేసే తప్పు ఒకటుంది: స్కేట్లు విప్పించకుండా నిలబెట్టడం. స్కేటు చీలమండని బిగించి పట్టి ఉంచుతుంది, కింద ఉన్నదేమో సన్నటి కత్తి. ఆ నిలకడకి అర్థం లేదు. స్కేట్లు విప్పించండి, టేపులు చుట్టి ఉంటే ఆ సంగతి రాసుకోండి. అప్పుడే ఆడి వచ్చినవాడి కాళ్ళు కంకషన్ లేకపోయినా వణుకుతాయి కాబట్టి, ఊపిరి కుదుటపడి గుండె వేగం నెమ్మదించేదాకా ఆగండి. కళ్ళు మూసుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని 20 సెకన్లు: రెండు పాదాలూ కలిపి, ఒంటికాలి మీద, ఒక పాదం వెనక ఒకటి పెట్టి. ఎన్నిసార్లు తూలాడు, కళ్ళు తెరిచాడు, చేతులు తీశాడు అన్నది లెక్కపెడతాం. తర్వాత ఆ టేపు లాంటి గీత మీద మడమకి వేళ్ళు ఆనిస్తూ నడక, చివర తిరిగి వెనక్కి, గడియారం పెట్టి.

ఈ అంకెలన్నీ దేనితో పోల్చాలి? సీజన్ మొదట్లో అదే ఆటగాడికి అదే పరీక్ష చేసి ఉంచితే మేలు. తప్పనిసరి కాదు గానీ మేలు. కొందరు ఆటగాళ్ళు అప్పుడు కావాలని తక్కువ తెచ్చుకుంటారు, రేపు దెబ్బ తగిలాక తేడా కనపడకూడదని. అనుమానంగా తక్కువ వస్తే మళ్ళీ చేయించండి.

అన్నీ చేశాక కూడా కాగితం శుభ్రంగా ఉండచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక పదహారేళ్ళ అబ్బాయి సంగతి చెప్తాను. మూల దగ్గర బోర్డుకి తల కొట్టుకుంది. లేవడానికి ఎక్కువ సమయం తీసుకున్నాడు, అంతే. లక్షణాలు సున్నా. పదాలు పదికి తొమ్మిది. నడక చక్కగా ఉంది. శిక్షకుడు తలుపు దగ్గరే నిలబడి, "మూడో పీరియడ్ ఉంది డాక్టరుగారూ" అన్నాడు. నేను పంపలేదు. ఆయనకి కోపం వచ్చింది, అబ్బాయి ఏడ్చాడు. మర్నాడు పొద్దున వాళ్ళమ్మ ఫోన్ చేసింది. రాత్రంతా తలనొప్పి, వెలుతురు చూడలేకపోతున్నాడు, పుస్తకంలో వరస పట్టుకోలేకపోతున్నాడు. లక్షణాలు బయటపడడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది, ఒకటి రెండు రోజులు కూడా. ఆ సాయంత్రం నా చేతిలో ఉన్న కాగితం ఆ సాయంత్రానికి నిజమే. అందుకే పరీక్ష ఒక్కసారితో అయిపోదు, మళ్ళీ మళ్ళీ చూడాలి.

సిడ్నీ క్రాస్బీ లాంటివాడికే ఇది తప్పలేదు. 2011 జనవరి 1న పిట్స్‌బర్గ్‌లో ఆరుబయట జరిగిన మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలింది. జనవరి 5న తర్వాతి మ్యాచ్ ఆడాడు, అందులో బోర్డుకేసి మళ్ళీ దెబ్బ. ఆ తర్వాత అతను మళ్ళీ మంచు మీద కనిపించింది నవంబరు 21న. ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు, చుట్టూ నిపుణులు. మెదడు ఇంకా కోలుకోని రోజుల్లో రెండో దెబ్బ తగిలితే కోలుకోవడం బాగా ఆలస్యమవుతుంది. పిల్లల్లో, అరుదుగానే అయినా, ప్రాణం కూడా పోవచ్చు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 2018లో చేసిన రోవన్ చట్టం వెనక ఉన్నది అలాంటి మరణమే, రగ్బీ ఆడిన పదిహేడేళ్ళ అమ్మాయిది.

(సభలోంచి ప్రశ్న: అమ్మాయిల ఆటలో బాడీ చెక్, అంటే ఎదుటి ఆటగాణ్ణి ఒంటితో ఢీకొట్టి ఆపడం, ఉండదు కదా, వాళ్ళకి ఇంత జాగ్రత్త కావాలా?)

కావాలమ్మా. అమెరికా కళాశాలల మహిళల హాకీలో బాడీ చెక్ నిబంధనలకి విరుద్ధం. అయినా కంకషన్లు పురుషుల ఆటకి దాదాపు సమానంగానే నమోదవుతున్నాయి. మంచు, బోర్డు, పక్ ఉన్నాయి కదా, చాలు. అలాగని చెక్ ఆపితే లాభం లేదని కాదు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకి చెక్ అనుమతించిన కెనడా రాష్ట్రం ఆల్బర్టానీ, అనుమతించని మరో రాష్ట్రం క్విబెక్‌నీ పోల్చి చూస్తే ఆల్బర్టాలో కంకషన్లు మూడింతలకి పైగా ఉన్నాయి. 2013లో హాకీ కెనడా ఆ వయసువాళ్ళకి చెక్ తీసేసింది. మంచి పని చేసింది.

(మరో ప్రశ్న: రక్తపరీక్ష వచ్చిందంటున్నారు, దానితో తేలిపోదా?)

2018లో అమెరికాలో ఒక రక్తపరీక్షకి అనుమతి వచ్చింది. అది పెద్దవాళ్ళకి సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చుకోవడానికి. కంకషన్ లేదని అది చెప్పలేదు. స్కాన్ బాగుందంటే రక్తస్రావం లేదని అర్థం, అంతవరకే. ఆ రిపోర్టు పట్టుకుని శనివారం మ్యాచ్‌కి రాకండి.

ఇంటికి పంపేటప్పుడు: మొదటి మూడు గంటలైనా ఒంటరిగా వదలకండి. ఆ రోజు బండి నడపనివ్వకండి. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండాలి, అంటే చీకటి గదిలో పడుకోబెట్టడం కాదు. ఇంట్లో తిరగచ్చు, నడవచ్చు, ఫోన్, టీవీ తగ్గించాలి. తర్వాత మెట్టు మెట్టుగా: తేలిక వ్యాయామం, ఒంటరిగా స్కేటింగ్, ఢీకొనడం లేని సాధన. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. ఢీకొనే సాధనకి ముందు లక్షణాలు పూర్తిగా పోవాలి, డాక్టరు సరేననాలి. పెద్దవాళ్ళకి రెండు వారాల దాకా, పిల్లలకి నాలుగు వారాల దాకా పట్టడం మామూలే. బడి ముందు, ఆట తర్వాత.

సరే, ఇప్పుడు లేవండి. ఇద్దరిద్దరు జంటగా రండి, ఒకరు ఆటగాడు, ఒకరు పరీక్ష చేసేవాళ్ళు. బూట్లు విప్పేసి ఆ టేపు దగ్గరికి. ముందు మామూలుగా నడవండి. తర్వాత వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ, బయటికి వినిపించేలా లెక్కపెడుతూ నడవండి. ఏ దెబ్బా తగలని మీ నడక ఎలా ఉంటుందో ముందు చూద్దాం.